పొద్దటి పాలు మాపటి లెక్కలో

మా అక్క పాల కేంద్రానికి పొద్దటి ట్యాంకర్ రావాలా, ఆగిపోవాలా అన్నది తేల్చే రిపోర్టు నేను రాసిన ప్రోగ్రాంలోంచే వచ్చింది. ట్యాంకర్ బంద్ చేయాల్సిన ఊళ్ల వరుసలో మొదటి పేరు అక్క వాళ్ల ఊరిదే. ఇప్పుడు ఆ సంగతి తలచుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాను గానీ, ఆ కాగితం ప్రింటర్‌లోంచి బయటికొచ్చిన పూట నాకు అన్నం సయించలేదు.

మాది పాల రైతుల సంఘం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో చాలా ఊళ్లలో కేంద్రాలున్నాయి. అక్కది భూపాలపల్లి వైపు ఊరు. కేంద్రమంటే పెద్ద కట్టడమేమీ కాదు. ఎవరో ఒకరి ఇంటి ముందు గదిలో తూకం మిషను, వెన్న శాతం చూసే ఇంకో మిషను, ఒక కంప్యూటరు, నాలుగైదు క్యాన్లు. పొద్దున ఒకసారి, మాపు ఒకసారి పాలు పోస్తారు. ట్యాంకర్ వచ్చి దారిలో ఉన్న ఊళ్లన్నిటి పాలూ ఒకే తొట్టిలో కలుపుకుని పోతుంది. కలిసిపోయాక ఏ ఊరివి ఎన్ని అని పాలు చెప్పవు కదా. కంప్యూటర్‌లో ఎక్కిన లెక్కే చెప్పాలి.

పొద్దటి పాలు తక్కువగా వస్తున్న ఊళ్లకు పొద్దటి ట్యాంకర్ అనవసరం, మాపు ఒక్కసారే పంపుదాం అని సంఘం వాళ్లు అనుకున్నారు. వినడానికి చిన్న మార్పే. కానీ బర్రె పొద్దున ఎక్కువ ఇస్తుంది, మాపు తక్కువ ఇస్తుంది. పొద్దటి పాలు తీసుకోని కేంద్రానికి మాపు మాత్రం ఎవరొస్తారు? కొన్నాళ్లకే అందరూ ప్రైవేటు డెయిరీ బండికి పోయడం మొదలుపెడతారు. పొద్దటి ట్యాంకర్ ఆగిందంటే కేంద్రం మూతపడ్డట్టే. మా అక్కకు మోకాళ్లు అరిగి నాటుకూ కలుపుకూ పోలేని రోజులు వచ్చినప్పుడు, సంఘం ఆఫీసు చుట్టూ తిరిగి పట్టుబట్టి తెచ్చుకున్న కేంద్రం అది. అది పోతే ఆమె చేయగల పని ఇంకొకటి లేదు.

నా సంగతీ కొంచెం చెప్పాలి. నేను చదివింది ఇంటర్ వరకే. జనగామలో ఒక పత్తి మిల్లు కాంటా దగ్గర లెక్కలు చూసేదాన్ని. బచ్చన్నపేట, దేవరుప్పుల వైపు నుంచి వచ్చే బండ్ల తూకం, తేమకు కోత, సంచులకు తరుగు నోటితోనే తేల్చి, ఆ తర్వాత కాల్కులేటర్ మీద సరిచూసుకునేదాన్ని. ముందు కాల్కులేటర్ నొక్కడం నాకు నచ్చేది కాదు. మిల్లులో కంప్యూటర్ పెట్టాక అది చెప్పిన జవాబు రాసుకోవడంతో నాకు తృప్తి కలగలేదు. లోపల లెక్క ఎట్లా కడుతోందో చూడాలనిపించింది. వీడియోలు చూసి, హైదరాబాద్ నుంచి పాత పుస్తకాలు తెప్పించుకుని, నలభై దాటాక జావా నేర్చుకున్నాను. మిల్లుకు ఒక ప్రోగ్రాం రాశాను. అది చూసి పాల సంఘం మేనేజర్ సార్ కబురు చేశాడు.

"మూడు జిల్లాలు, మూడు ప్రోగ్రాములు. ఒకల లెక్క ఇంకొకలకు కలవది. అన్నిట్ల ఒకటే నడవాలె మేడం" అన్నాడాయన. "పాత లెక్కలు మాత్రం పోవద్దు. డేటాబేసులు ముట్టుకోవద్దు."

చిక్కంతా ఆ చివరి మాటలోనే ఉంది. లెక్కలు దాచే డేటాబేసులు మూడు చోట్లా మూడు రకాలు. వేర్వేరు కాలాల్లో వేర్వేరు మనుషులు పెట్టిపోయినవి. వాటిని అట్లాగే ఉంచి పైన ఒకే ప్రోగ్రాం నడపాలి.

నా ప్రోగ్రాంలో ఒక రైతు ఒకసారి పాలు పోయడం, అంటే ఒక పోత, ఒక వస్తువు. ఎవరు పోశారు, ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, ఎప్పుడు, అన్నీ ఆ ఒక్క వస్తువులోనే ఉంటాయి. డేటాబేసులో అట్లా ఉండదు. అక్కడంతా పట్టికలు, వరుసలు, గళ్లు. ఈ వస్తువును విప్పి ఆ గళ్లలో సర్దడానికి, మళ్లీ అడిగినప్పుడు గళ్లలోంచి తీసి వస్తువుగా కూర్చడానికి మధ్యలో ఒక పొర వాడతాం. దాన్ని ఆబ్జెక్ట్ రిలేషనల్ మ్యాపింగ్ అంటారు. అది ఉంటే ప్రోగ్రాం ఒకసారి రాస్తే చాలు, కింద ఏ డేటాబేసు ఉన్నా నడుస్తుంది. అయితే ఆ పొరకు ఏ డేటాబేసుతోనూ నేరుగా మాట్లాడటం రాదు. ఒక్కో డేటాబేసుకు దానికి తగిన డ్రైవర్ కావాలి. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసేది డ్రైవరే. పొర ఎంత బాగున్నా, మోసేవాడు దారిలో మాట మారిస్తే అంతా పాడే.

"భూపాలపల్లికి మంచి డ్రైవర్ దొరుకుతలేడు" అని నేను ఫోన్‌లో అంటుంటే విని మా వీధి వాళ్లు వేసిన జోకులు ఇక్కడ రాయను. అందరూ వేసింది ఒకటే జోకు.

జనగామది సులువుగానే తేలింది. అక్కడి ఆఫీసు కంప్యూటర్ పాతది, దానిలోని జావా కూడా పాతదే. కొత్త డ్రైవర్ దాని మీద లేవనంటే లేవనంది. అదే డ్రైవర్ పాత రూపం ఒకటి వెతికి పెట్టాను, నడిచింది. మహబూబాబాద్‌లో వాళ్ల డేటాబేసుకు అందరూ వాడే డ్రైవర్ ఒక్కటే ఉంది. పెట్టగానే పనిచేసింది. అక్కడి ఆపరేటర్ నవ్వాడు.

"గింతేనా అక్కా? దీనికోసం రైలెక్కి వచ్చినవా?"

"మరి నువ్వే పెట్టుకోకపోయినవ్?"

"పెట్టుకుందును గని, నువ్వొస్తే చాయ్ ఖర్చు ఆఫీసుల రాసుకోవచ్చు గద."

భూపాలపల్లి దగ్గరే ఆగిపోయాను. వాళ్ల డేటాబేసు వాళ్ల ఆఫీసులో లేదు. ఎక్కడో దూరాన అద్దెకు తీసుకున్న సర్వర్‌లో ఉంది. దానికి రెండు డ్రైవర్లు దొరికాయి. ఒకటి ఆ డేటాబేసు చేసినవాళ్లే ఇచ్చింది, కొంచెం నిదానం. ఇంకొకటి బయటివాళ్లు చేసింది, మహా వేగం. వేగం చూసి మొదట రెండోదాని మీదికే మనసు పోయింది. కానీ పరీక్ష పెట్టకుండా దేన్నీ నమ్మే అలవాటు లేదు నాకు. వెన్న శాతం 6.1 అని పంపి, తిరిగి అడిగాను. మొదటి డ్రైవర్ 6.1 అనే చెప్పింది. వేగపు డ్రైవర్ ఆరు పాయింట్ సున్నా అని మొదలుపెట్టి, వెనక తొమ్మిదుల తోక తగిలించి తెచ్చింది.

ఆ తోక ఎంత చిన్నదైనా నేను ఒప్పుకోను. వెన్న శాతంలో ఒక్క పాయింటు కింద చూపిస్తే కేంద్రం ముందు ఎంత లొల్లి అవుతుందో అక్క ఇంట్లో ఒక మాపు నా కళ్లతో చూశాను. వేగపుదాన్ని పక్కన పెట్టి నిదానపుదాన్నే తీసుకున్నాను. తీసుకున్నాక కూడా వదల్లేదు. పెద్ద అంకెలు, చిన్న అంకెలు, సున్నాలు, ఖాళీ గళ్లు, తెలుగులో రాసిన పేర్లు, తేదీలు, వేళలు అన్నీ పంపి, తిరిగి తెప్పించి, పక్కపక్కన పెట్టి చూశాను. పంపింది పంపినట్టే వచ్చింది. ఇంకేం కావాలి? ప్రోగ్రాం మూడు జిల్లాల్లోనూ మొదలైంది. చాలా రోజులు ఏ ఫిర్యాదూ లేదు.

ఆ తర్వాతే సార్ ఆ రిపోర్టు అడగడం, అక్క ఊరి పేరు పైన రావడం.

మరునాడే అక్క ఫోన్ చేసింది.

"చెల్లె, మా పొద్దటి బండి బంద్ జేస్తరట గద?"

"ఎవరు చెప్పిండ్రు?"

"సూపర్‌వైజర్. చెప్పుడు కాదు, అడిగిండు. పొద్దటి పాలు హోటళ్లకు మలుపుతున్నవా అక్కా అని అడిగిండు. నా ఇంట్ల, నా కుర్చీల కూసొని."

"నువ్వేమన్నవ్?"

"చాయ్ తాగి పో బిడ్డా అన్న. ఇంకేమంట?"

"పొద్దటి పాలు నిజంగనే తగ్గినయా అక్కా?" అని అడిగాను.

"తగ్గుడా? క్యాన్లు సాలక బకెట్లల్ల పోస్తున్న. నీ కంప్యూటర్‌కు కండ్లు కనవడుతలేవు, గంతే."

అక్క అబద్ధం చెప్పదు. ప్రోగ్రాం కూడా అబద్ధం చెప్పదని నా నమ్మకం. రెంటిలో ఒకటి తప్పాలి. అక్క కేంద్రంలో ఒక రోజు పోతలన్నీ తెరమీద తెరిచి, వేళలు చూసుకుంటూ నోటితో కూడుకున్నాను. ప్రతి పోతా సరిగ్గానే ఉంది. మనిషి, లీటర్లు, వెన్న, వేళ, దేనికీ వంక లేదు. కానీ కూడితే వచ్చిన పొద్దటి మొత్తం, రిపోర్టులో ఉన్న పొద్దటి మొత్తం కన్నా చాలా ఎక్కువ. మాపటి మొత్తమేమో రిపోర్టు కన్నా తక్కువ. రోజుల మీద రోజులు కలిపి చూస్తే మాత్రం అంతా ఒక్కటే. రైతులకు బిల్లు పది రోజుల మొత్తం మీద వస్తుంది కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

ఇంకో ఊరిది కూడి చూశాను. రిపోర్టుతో సరిపోయింది. జనగామ వైపు కొడకండ్ల దగ్గరి ఊరొకటి, మహబూబాబాద్‌వి రెండు, భూపాలపల్లిలోనే ఇంకో రెండు కూడి చూశాను. అన్నీ సరిపోయాయి. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. నేను కూడి చూసిన ఊళ్లలో తప్పున్నది ఒక్క మా అక్క ఊరిదే. ఈ మాట పట్టుకుని సార్ దగ్గరికి ఎట్లా పోను?

అయినా చెప్పాలి. ఫోన్ చేసి చెప్పాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. అందుకే ఇంకా కష్టమనిపించింది.

"అన్ని ఊళ్లయి కరెక్టు వచ్చినయి. మీ అక్క ఊరిదే తప్పు వచ్చిందా మేడం?"

"నేను చూసినంతల గంతే సార్."

"ఎందుకు తప్పు వచ్చింది?"

"ఇంకా తెల్వదు."

"సోమవారం మీటింగ్ ఉన్నది. అప్పటిదాంక చూడండి. కానీ మేడం, కారణం తెల్వకుండ నంబర్ మార్చొద్దు. నా మీద కూడా మాట వస్తది."

ఆయన అన్నది న్యాయమే. ప్రోగ్రాం నా చేతిలో ఉంది, కేంద్రం మా అక్కది. నేను ఒక్క అంకె ముట్టుకున్నా రేపు ఎవరైనా ఏమైనా అనవచ్చు. ఏదీ ముట్టుకోలేదు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బయల్దేరాను. మా ఆయన బస్టాండు దాకా వచ్చి, "ఆడికి పోతే ఏం కనవడ్తది? నీ లెక్క ఇక్కడ కూసున్నా గంతే, ఆడ కూసున్నా గంతే గద" అన్నాడు. లెక్క అర్థం కానప్పుడు కాంటా దగ్గరికి పోయి బండి దానిమీదికి ఎక్కడం, దిగడం చూసేదాన్ని మిల్లులో. అదే అలవాటు, అంతకు మించి ఆలోచన ఏమీ లేదు. హన్మకొండలో బస్సు మారి, పరకాల మీదుగా భూపాలపల్లి చేరేసరికి పొద్దు గూకింది.

అక్క నన్ను చూసి సంబురపడింది గానీ ముఖంలో కళ లేదు. మోకాళ్లకు నూనె రాసుకుంటూ అంది, "బండి బంద్ అయితే అయిందిలే చెల్లె. కానీ దొంగపాలు అమ్మిన అంటే మాత్రం నేను ఊకోను."

మరునాడు ఇంకా చీకటి ఉండగానే వాకిట్లో మాటలు వినబడి లేచాను. నాకు ఆశ్చర్యమేసింది. తెరమీద వేళలు చూసినప్పుడు పొద్దటిదా మాపటిదా అన్నదే చూశాను గానీ, గంట ఎంతో పట్టించుకోలేదు. జనగామ వైపు కేంద్రాలు ఆరింటికి గానీ తెరవరు. ఇక్కడ అప్పటికే పది మంది వరుసలో ఉన్నారు. సగం మంది బొగ్గుబాయి మొదటి షిఫ్టుకు పోయేవాళ్లే. బండికి బువ్వ డబ్బా తగిలించుకుని, ఇంకో చేత్తో పాల డబ్బా పట్టుకుని వచ్చారు. పోసేసి అటునుంచి అటే బాయికి పోవడం వాళ్ల పద్ధతి.

"జల్ది పట్టు అక్కా, బస్సు పోతది."

"నీ బస్సు పోతదని నీ బర్రెకు చెప్పినవా? నిన్న నీళ్లపాలు ఇచ్చింది."

"నీళ్లు బర్రె కలపది అక్కా, మా ఇంట్ల ఆమె కలుపుతది." వరుసలో అందరూ నవ్వారు. అతని వెనకున్న ఆమె, "నీ పెండ్లానికి చెప్త ఉండు" అంది.

నేను ఒక మూల కూర్చుని లాప్‌టాప్‌లో ఆ రిపోర్టు తెరిచాను. ఒక్కొక్కరు పోస్తుంటే ‘ఈ రోజు పొద్దున’ అన్న గడిలో అంకె ఎట్లా పెరుగుతుందో చూద్దామనుకున్నాను. ఒకరు పోశారు. మళ్లీ అడిగాను, సున్నా. ఇంకొకరు పోశారు. సున్నా. తూకం మిషను నుంచి కంప్యూటర్‌కు ఎక్కడం లేదేమో అనుకుని అక్క తెర మీదికి తొంగిచూశాను. అక్కడ పోత ఎక్కింది, వేళతో సహా. చీటీ కూడా ప్రింటయింది. మళ్లీ నా తెరకేసి చూశాను. ఈ రోజు సున్నానే. కానీ దాని పై వరుసలో ఏదో మారింది.

‘నిన్న మాపు’ అన్న గడి.

ఇంకొకాయన డబ్బా వొంపాడు. రిపోర్టు మళ్లీ అడిగాను. నిన్న మాపటి పాలు పెరిగాయి. నిన్న మాపు పాలు పోసినవాళ్లు పోయారు, ట్యాంకర్ వచ్చి క్యాన్లు ఖాళీ చేసింది, అక్క వాటిని కడిగి బోర్లించింది. ఆ మాపు ముగిసిపోయింది. అయినా నా కళ్ల ముందు ఇంకా నిండుతూనే ఉంది.

"ఏందట్ల నోరు తెరుస్తివి?" అంది అక్క.

"ఆగు అక్కా, మాట్లాడకు."

అట్లాగే చూస్తూ కూర్చున్నాను. వరుస కరిగిపోతోంది. ఒక ముసలామె పోసింది, నిన్నటిలోకే పోయింది. ఆమె వెనక వచ్చిన అమ్మాయి పోసింది. ఈసారి నిన్నటి గడి కదల్లేదు. ఈ రోజు గడిలో మొదటిసారి అంకె పడింది. తలెత్తి గోడ గడియారం చూశాను. ఐదున్నర దాటి నిమిషమో రెండు నిమిషాలో అయింది.

ఐదున్నర. ఆ అంకె చూడగానే చిక్కంతా విడిపోయింది. ప్రపంచమంతటికీ లెక్కగా పెట్టుకున్న గడియారానికీ మన గడియారానికీ తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. మన దగ్గర పొద్దున ఐదున్నర అయితే అక్కడ అర్ధరాత్రి దాటి కొత్త తేదీ మొదలవుతుంది. అద్దె సర్వర్ ఆ గడియారం మీదే నడుస్తోంది. నేను ఏరి ఏరి తెచ్చుకున్న నిదానపు డ్రైవర్ బుద్ధిగా ఒక పని చేస్తోంది. పోత వేళను రాసేటప్పుడు సర్వర్ గడియారంలోకి మార్చి రాస్తోంది, చదివేటప్పుడు తిరిగి మన గడియారంలోకి మార్చి ఇస్తోంది. అందుకే పంపింది పంపినట్టే తిరిగొచ్చింది. నా పరీక్షలో ఎప్పటికీ తప్పు పట్టుబడదు. వెళ్లేటప్పుడు ఎంత తగ్గిందో, వచ్చేటప్పుడు అంతే కలుస్తోంది.

రిపోర్టు సంగతి వేరు. పోతలన్నీ జావాలోకి తెచ్చి కూడితే ఆలస్యమవుతుందని, కూడిక డేటాబేసునే చేసి మొత్తం మాత్రం చెప్పమన్నాను. డేటాబేసు లోపల వేళను మన గడియారంలోకి మార్చేవాళ్లు ఎవరూ లేరు. ఈ రోజు పొద్దున ఐదు పది అక్కడ నిన్న రాత్రి పదకొండు నలభై అయి కూర్చుంది. మధ్యాహ్నం దాటిన పోత మాపటిది అని నేనే రాశాను కాబట్టి, అది నిన్న మాపులోకి పోయింది. మాపటి పాలు అన్ని ఊళ్లలోనూ ఆరు దాటాకే వస్తాయి, అప్పటికి అక్కడ కూడా మధ్యాహ్నం పన్నెండున్నర దాటుతుంది కాబట్టి వాటికి ఏమీ కాలేదు. జనగామ, మహబూబాబాద్ డేటాబేసులు వాళ్ల ఆఫీసుల్లోనే మన గడియారం మీద ఉన్నాయి. భూపాలపల్లిలో నేను కూడి చూసిన మిగతా ఊళ్లు బాయికి దూరం, అక్కడ పాలు తెల్లారాకే. ఐదున్నరకు ముందు పాలు పోసేది బొగ్గుబాయి పొద్దటి షిఫ్టు ఊళ్లలోనే. రిపోర్టు రాసేటప్పుడు, జనగామలో పెరిగిన నాకు ఆ వేళకు ఎవరైనా పాలు పోస్తారన్న ఊహే రాలేదు.

నేను గట్టిగా నవ్వేసరికి అక్క హడలిపోయింది. సంగతి చెబితే చేతిలో ఉన్న కొలత గిన్నె పక్కన పెట్టి, "అంటే నా పాలు దొంగపాలు కావు గద?" అంది.

"కావు. నిన్నటి పాలైనయి."

"ఇరిగిపోలేదు, సంతోషం" అని మళ్లీ పనిలో పడింది.

వెంటనే సార్‌కు ఫోన్ చేశాను. సరిచేయడానికి కాదు, చూపించడానికి.

"సార్, రేపు పొద్దున ఐదింటికి మీరు లేవాలె."

"ఎందుకు మేడం?"

"నిన్నటి పాలు చూద్దురు గని."

"రేపు లేచి నిన్నటి పాలు చూసుడేంది?"

చెబితే వినడం కన్నా చూస్తే మేలని బతిమాలాను. మరునాడు పొద్దున ఆయన జనగామలో తన ఇంట్లో రిపోర్టు తెరుచుకుని కూర్చున్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. ఇక్కడ ఒకాయన పాలు పోశాడు.

"ఇప్పుడు చూడండి సార్."

"ఈ రోజుది సున్నా ఉన్నది."

"దాని పైన చూడండి."

"ఇంకొకలు పోసిండ్రా?" అన్నాడు.

"పోస్తున్నరు. అయింది. చూడండి."

"పెరిగింది. నిన్న మాపుది పెరిగింది! ఇది ఎట్ల పెరుగుతది మేడం, నిన్న అయిపోయింది గద?"

ఫోన్ వైపు తల వంచి అక్క గట్టిగా అడిగింది, "సార్, హోటళ్లకు పోతున్నయా పాలు?"

వరుసలో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వాడు. "లేదు అక్కా, నిన్నట్లకు పోతున్నయి" అని, నాతో గొంతు మార్చి, "సరిచేయండి మేడం. ఇప్పుడు నేను చూసిన. ఎవరన్న అడిగితే నేను చెప్త" అన్నాడు.

మిగిలింది పని. పనికి నాకు భయం లేదు.

డ్రైవర్ మారుద్దామా అని ఒక్క క్షణం ఆలోచించాను. నేను వద్దన్న వేగపు డ్రైవర్ వేళను ముట్టుకోకుండా ఉన్నది ఉన్నట్టు రాస్తుంది. కానీ దానికి ఆ తొమ్మిదుల తోక ఉంది. వేళ సరిచేసుకోబోయి వెన్న శాతం పాడు చేసుకోవడం ఎందుకు? నిదానపుదాని కాగితాలు ఈసారి మొదటి నుంచి చివరిదాకా చదివాను. సర్వర్‌తో మాట మొదలుపెట్టేటప్పుడు డ్రైవర్‌కు ఇచ్చే చిరునామాలో ఫలానా గడియారం వాడు అని ఒక మాట చేర్చవచ్చట. చేర్చితే పోత వేళ మన గడియారంలోనే రాస్తుంది. అంత చిన్న మాట.

ఇప్పటికే రాసినవాటిని ఐదున్నర గంటలు ముందుకు జరపాలి. పాత ప్రోగ్రాం రాసినవి ముందునుంచీ మన గడియారంలోనే ఉన్నాయి, వాటిని ముట్టొద్దు. నా ప్రోగ్రాం రాసిన మొదటి పోత ఏదో వెతికి, అక్కడి నుంచి మాత్రమే జరపాలి. అదీ ఒక్కసారే. రెండోసారి పొరపాటున జరిపితే పొద్దటి పాలు మధ్యాహ్నంలోకి పోతాయి. ముందు మొత్తం నకలు తీసుకుని ఆ నకలు మీద చేసి చూశాను. తర్వాత, పొద్దటి వరుస అయిపోయి మాపటిది ఇంకా మొదలుకాని వేళలో, సార్‌కు చెప్పి, అసలుదాని మీద చేశాను. అక్క తలుపు దగ్గర కూర్చుని చింతకాయ తొక్కు నూరుతోంది. "అయిందా?" అని రెండు మూడుసార్లు అడిగింది. "అవుతోంది" అన్నాను. అక్కడక్కడా కొన్ని పోతలు తీసి, ఈసారి జావా నుంచి ఒకసారి, నేరుగా డేటాబేసును ఒకసారి అడిగాను. రెండు చోట్లా ఒకటే జవాబు.

ఆ తర్వాత రిపోర్టు మళ్లీ తీశాను. అక్క ఊరు ఆ వరుసలో లేదు. కిందికి జరగడం కాదు, అసలు లేనే లేదు. బాయికి ఇంకో పక్కన ఉన్న ఊరొకటి, నేను కూడి చూడనిది, అది కూడా జాబితాలోంచి పోయింది. ఆ ఊరి కేంద్రం ఎవరిదో నాకు తెలియదు. వాళ్లకు ఇదంతా జరిగిందన్న సంగతి ఇప్పటికీ తెలియదనుకుంటాను.

అక్కకు చూపించాను. ఆమెకు అంత చిన్న అక్షరాలు కనబడవు. "మా ఊరు ఏది?" అని అడిగింది.

"లేదు అక్కా."

"లేదంటే?"

"లేదంటే బండి వస్తది."

ఆమె రాయి మీది తొక్కు గిన్నెలోకి ఎత్తింది. తర్వాత, "అన్నం తిందాం రా. పొద్దటిసంది ఏం తినలేదు నువ్వు" అంది. ఆ తొక్కుతో ఎంత అన్నం తిన్నానో నాకే తెలియదు.

మరునాడు జనగామ వచ్చేశాను. సోమవారం మీటింగ్ అయిపోయాక సార్ ఫోన్ చేసి, అక్క ఊరికి పొద్దటి ట్యాంకర్ ఎప్పటిలాగే పోతుందని చెప్పాడు. వెన్న శాతం చక్కగా ఉన్న ఊరు కాబట్టి ఇంకో రెండు క్యాన్లు పంపుదామనుకుంటున్నామని కూడా అన్నాడు. నేను వెంటనే అక్కకు చేయలేదు. మీటింగ్ మాటలు తిరగబడటం చాలాసార్లు చూశాను. మంగళవారం పొద్దున లేచి, ట్యాంకర్ వేళ చూసుకుని, అప్పుడు చేశాను.

"అక్కా, నిన్న మీటింగ్‌ల..."

"ఆగు చెల్లె, బండి వచ్చింది. హారన్ కొడుతున్నడు. ఒరేయ్ ఆగు, వస్తున్న! మోకాళ్లున్నయి గని రెక్కలు లెవ్వు నాకు!" క్యాన్లు నేల మీద ఈడ్చిన చప్పుడు, ఎవరో "పెద్దమ్మా, మూత" అని అరవడం వినిపించాయి. "మళ్ల చేస్త" అంది. ఫోన్ పెట్టేయడం మరిచిపోయింది. ట్యాంకర్ పైపు పెట్టి పాలు లాగుతున్న మోత అయిపోయేదాకా వింటూ కూర్చున్నాను.